దూరపు కాలినడకకు మూట కట్టుట

(రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమున కూర్చుండి పత్రిక తిరుగవేయువానికి కాళ్లతో పనిలేదని పలువురు తలంతురు. ఒక పత్రిక ఒక ముదుసలిని రెండువేల మైళ్లు నడిపించిన వృత్తాంతము ఈ రజతోత్సవ సమయమున తలచుకొనదగినది. అంతకంటెను తలచుకొనదగినది ఆమె కట్టుకొన్న మూట. కాలినడకన దూరము పోదలచిన యువకులు ప్రతి యూరను కలరు. వారికి ధైర్యము కొదువలేదు. వారు పొరపాటు పడునది మూట కట్టుటయందే.

ఆమె పేరు ఎమ్మా గేట్‌వుడ్. 1887వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఒహాయో రాష్ట్రమున పుట్టినది. వ్యవసాయ కుటుంబము. చదువు ఎనిమిదవ తరగతితో ఆగిపోయినది. 19 ఏండ్ల ప్రాయమున వివాహమై, 11 మంది బిడ్డలను కనినది. భర్త ఆమెను చావగొట్టెడివాడు. ఒకటి రెండు దినముల మాట కాదు, ముప్పది యేండ్లకు పైబడిన కాపురమంతయు అట్లే గడచినది. ఇల్లు భరింపరానిదైనప్పుడు ఆమె అడవిలోనికి పోయి చెట్ల నడుమ తిరిగి మనస్సు కుదుటపరచుకొనెడిది. 1941లో న్యాయస్థానము విడాకుల నిచ్చినది. పిల్లలు పెద్దవారై యెవరి దారి వారు చూచుకొన్నారు. ఇంతకాలమునకు ఆమె దినములు ఆమెవి అయినవి.

అట్టి దినములలో వైద్యుని కొరకు వేచియుండగా ఆమె చేతికొక పాత పత్రిక వచ్చినది. అది నేషనల్ జియోగ్రాఫిక్ 1949 ఆగస్టు సంచిక. అందు అప్పలేచియన్ కాలిబాటను గూర్చిన వ్యాసము, చక్కని రంగుల చిత్రములు ఉండెను. ఆ దేశపు తూర్పు భాగమున దక్షిణమునుండి ఉత్తరమునకు సాగు పర్వతశ్రేణి వెంబడి, జార్జియా మొదలు మెయిన్ రాష్ట్రము వరకు, పదునాలుగు రాష్ట్రములగుండ పోవు బాట అది. 1921లో బెంటన్ మెకే అను నతడు దానిని ప్రతిపాదింపగా, స్వచ్ఛంద సేవకులు చెట్లు కొట్టి, రాళ్లు తొలగించి, 1937 నాటికి పూర్తిచేసిరి. చెట్లమీద 2 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల పొడవు గల తెల్లని గుర్తులు వేసి బాటసారికి దారి తెలిపిరి. 1948లో ఎర్ల్ షాఫర్ అను మాజీ సైనికుడు ఆ బాటను ఒక్క ప్రయాణమున మొదటినుండి చివరివరకు నడచెను. ఒంటరిగా అట్లు నడచిన స్త్రీ అంతవరకు లేదు.

1954 జూలైలో ఆమె బయలుదేరినది. వయస్సు అప్పటికి 66. ఉత్తరపు కొనయైన కటాడిన్ పర్వతము నెక్కి అచ్చటినుండి దక్షిణమునకు దిగినది. కొలది దినములకే దారి తప్పినది. కళ్లజోడు విరిగినది. తెచ్చుకొన్న తిండి అయిపోయినది. అడవి ఉద్యోగులు ఆమెను చూచి, ఇంటికి పొమ్మని చెప్పి పంపిరి. ఆమె పోయినది. ఈ సంగతి పిల్లలకు చెప్పలేదు.

అంతటితో మానుకొన్నచో లోకము ఆమె నెరుగదు. మానుకొనక ఆమె చేసిన పని గమనింపుడు. ఇదియే అసలైన సన్నాహము. ఆ శీతకాలమున ఆమె డేటన్ నగరమున తాను నివసించు వీధుల చుట్టు నడచుట మొదలిడినది. మొదట ఒక చుట్టు. పిమ్మట కొంచెము దూరము. పిమ్మట మరికొంత. కాళ్లు నొచ్చునంతవరకు నడచి, ఆ నొప్పి తగ్గినకొలది దూరము పెంచినది. ఏప్రిల్ వచ్చునప్పటికి దినమునకు 10 మైళ్లు, అనగా 16 కిలోమీటర్లు, నడువగలిగినది. దీనికి పైకము అక్కరలేదు, కొండ అక్కరలేదు. తెలుగు పల్లెలలో ఇంటికిని పొలమునకును తిరుగువారు ఈ సాధనను తెలియకయే చేయుచుందురు. పట్నమున చదువుకొని వచ్చిన కుఱ్ఱవాండ్రు మాత్రము ఒక్కసారిగా కొండమీదికి పోయి, రెండవనాడు మోకాళ్లు పట్టుకొని కూర్చుందురు.

రెండవది, ఆమె దిక్కును మార్చినది. ఈసారి దక్షిణపు కొననుండి, అనగా జార్జియాలోని ఓగిల్‌థోర్ప్ పర్వతమునుండి, 1955 మే 3వ తేదీన నడక మొదలిడినది. ఉత్తరపు కొనకు చేరువనున్న నూరు మైళ్ల అడవి మిక్కిలి నిర్జనమైనది. 1954లో ఆమె దారి తప్పినది అచ్చటనే. నడక యెరుగని కాళ్లతో, బాట గుర్తుల నెరుగని కన్నులతో ముందుగ ఆ అడవిలోనే ప్రవేశించినది. 1955లో అదే అడవిని చేరునప్పటికి ఆమె వెనుక 1,900 మైళ్లకు పైగా అనుభవము ఉండెను. అడవి మారలేదు. దక్షిణమున వసంతముతో బయలుదేరినవారికి ఎండాకాలమంతయు చేతిలో నుండును. ఉత్తరమున మంచు పడకమునుపే కటాడిన్ చేరవచ్చును. ఋతువు నెంచుకొనుట మూట కట్టుటలో మొదటి ముడి. ఏ నెలలో బయలుదేరుదురో దానినిబట్టియే కంబళియు, నీరును, తిండియు నిర్ణయమగును.

ఇక మూట. ఆమె ముతక నూలుగుడ్డతో, జీను బట్ట యనబడు దానితో, తానే ఒక సంచి కుట్టుకొన్నది. పైన త్రాడు లాగి బిగించు సంచి. వీపున కట్టు పట్టీలు లేవు. ఒక భుజమున వ్రేలాడవేసికొన్నది. అందులో సైనికులు వాడు కంబళి ఒకటి, వానచొక్కా ఒకటి, స్నానపు గదిలో వ్రేలాడదీయు ప్లాస్టిక్ తెర ఒకటి. ఆ తెరయే నేలమీద పరపు, అదియే పైన కప్పు. చిన్న చాకు, విద్యుద్దీపము, గాయములకు పట్టీలు, అయొడిన్ సీసా, కలము, చిన్న పుస్తకము. తిండికి డబ్బాలలోని చిన్న మాంసపు ముక్కలు, ఎండుద్రాక్ష, వేరుసెనగపప్పు, పాలపొడి, వేడినీటిలో కలుపుకొను చారు గుళికలు. గుడారము లేదు. శయనపు సంచి లేదు. పటము లేదు. అంతయు కలిపి 20 పౌనులకు లోపు, అనగా 9 కిలోగ్రాములకు మించదు. కాళ్లకు గుడ్డ బూట్లు, కెడ్స్ అను పేర అమ్మబడునవి.

ఆమె మూటలో ప్రతి వస్తువును రెండు మూడు పనులు చేయుచుండుట చూడదగినది. ఒకే పనికి వచ్చు వస్తువు సంచిలో చోటు సంపాదించుట కష్టము. చలి రాత్రులయందు ఆమె రాళ్లను నిప్పులో కాచి వానిపై పరుండెడిది. ఆ రాళ్లను మోయవలసిన పని లేదు, అడవియే ఇచ్చును. తినదగిన అడవి పండ్లు ఆమెకు తెలియును. ఇక్కడ ఒక హెచ్చరిక యవసరము. ఆమె సంచి తేలికయని చూచి, అట్టి సంచితోనే బయలుదేరువాడు మోసపోవును. పొలములో పెరిగి, కట్టెలు కొట్టి, పదునొకండుగురు బిడ్డలను సాకిన స్త్రీ నేర్చిన నేర్పు ఆమె మోసికొని పోయిన అసలు సామాను. దానికి బరువు లేదు, అంగడిలో దొరకదు. ఆ నేర్పు లేనివాడు మరి రెండు కిలోగ్రాములు మోసినను తప్పులేదు. ముఖ్యముగ పటము లేక పోవుట యెవ్వరికిని అనుకరణీయము కాదు. ఆమెకు సహితము దానివలన మేలు కలుగలేదు.

బరువు విషయమున నేటి నడకవారు పాటించు లెక్క యొకటి కలదు. పలు దినముల నడకకు మోయు బరువు శరీరపు తూకములో అయిదవ వంతు మించరాదు. 60 కిలోగ్రాములు తూగు యువకుడు 12 కిలోగ్రాములకు లోబడవలెను. ఇందులో నీరును చేరును. ఒక లీటరు నీరు ఒక కిలోగ్రాము. మూడు లీటర్ల నీరు నింపుకొన్నవానికి పావువంతు బరువు అప్పుడే తీరినది. కావున నీరు దొరకు తావులను ముందుగ తెలిసికొన్నవాని మూట తేలికయగును. అడవివాగు నీరు తేటగ కనబడినను మరగించి గాని, వడపోత సాధనముతో శుద్ధిచేసి గాని త్రాగవలెను. తిండి విషయమున తెలుగువారికి పరదేశపు పాఠము అక్కరలేదు. అటుకులు, పేలపిండి, వేరుసెనగలు, బెల్లము, ఎండు కొబ్బరి పూర్వమునుండి యాత్రికుల మూటలలో నున్నవియే. అవి చెడవు, నీరు మోయవు, కొంచెము తిన్నను బలమిచ్చును. ఎమ్మా గేట్‌వుడ్ సంచిలోని వేరుసెనగపప్పు చూచి తెలుగు ముసలమ్మ నవ్వుకొనియుండెడిది.

పాదముల విషయమున ఎంత చెప్పినను తక్కువే. ఆ నడకలో ఆమె ఆరేడు జతల గుడ్డ బూట్లు అరగదీసినది. దీర్ఘముగ నడచువాని పాదము వాచును, కొందరికి పొడవును పెరుగును. కావున బూట్లు కొనునప్పుడు సాయంకాలమున, నడచిన పిమ్మట, వ్రేళ్ల ముందర కొంత ఎడముండునట్లు చూచి కొనవలెను. కొత్త బూట్లతో ఎన్నడును ప్రయాణము ప్రారంభింపరాదు; కనీసము కొన్ని వారములు తొడిగి తిరిగి వానిని మచ్చిక చేసికొనవలెను. చర్మము ఒకచోట వేడెక్కినట్లు తోచిన వెంటనే నిలిచి, బూటు విప్పి, ఆరబెట్టి, పట్టీ వేయవలెను. తోడివారు ముందునకు పోవుచున్నారని సిగ్గుపడి నడచినవాడు ఆ సాయంకాలమునకు బొబ్బతో కుంటును. నూలు మేజోళ్లు చెమ్మను పట్టి యుంచును, ఉన్నివి మేలు. కళ్లజోడు లేనిదే చూడలేనివాడు రెండవ పంచెకు ముందు రెండవ కళ్లజోడును సర్దుకొనవలెను.

ఆమె తన బిడ్డలతో నడకకు పోవుచున్నానని మాత్రము చెప్పి బయలుదేరినది. ఎంత దూరమో చెప్పలేదు. అట్లు చెప్పకపోవుటకు ఆమె కారణములు ఆమెకు ఉండవచ్చును. అడ్డు చెప్పువారు ఎక్కువ, సాయపడువారు తక్కువ. అయినను తొలిసారి పోవువాడు దారిని, మజిలీలను, తిరిగివచ్చు తేదీని వ్రాసి ఇంటిలో ఉంచి పోవుట ధర్మము. వెదకవలసి వచ్చినప్పుడు ఆ కాగితమే దీపము.

దారిలో ఆమె చూచిన కష్టములు పత్రికలో లేనివి. వ్యాసము ప్రకారము బాట చక్కగ నుండును, ఒక దినపు నడకకొక పాక దొరకును. ఆమె చూచినది వేరు. కొన్ని పాకలు కాలిపోయినవి, కొన్ని కూలినవి. గుర్తులు చెరిగినవి. బాటపై చెట్లు పడియుండెను, పొదలు నడుము వరకు పెరిగియుండెను. పాక లేనిచోట ఆకులు పోగుచేసి పరుండినది. కొన్నిచోట్ల పల్లెవారు తలుపు తీసి అన్నము పెట్టిరి, కొన్నిచోట్ల తలుపు వేసికొనిరి. ఆగస్టులో కానీ, డయాన్ అను రెండు తుపానులు ఒకదానివెంట నొకటి ఆ తీరమును కొట్టెను. పొంగిన వాగొకటి దాటుటకు, దారిలో కలిసిన ఇద్దరు నావికాదళపు యువకులు ఆమెను తమ నడుమ నిలిపి త్రాటితో తమకు కట్టుకొని దాటించిరి. విలేకరులు కలిసికొన్నప్పుడు పత్రిక వ్రాతకును బాటకును గల భేదమును ఆమె దాపరికము లేక చెప్పినది.

ఇచ్చట గ్రంథాలయ సభ్యులు ఒక తెలుగు గ్రంథమును స్మరింపవలసియున్నది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. వారిది పల్లకి ప్రయాణము, వెంట పెద్ద పరివారము; ఎమ్మా గేట్‌వుడ్ సంచితో దానికి పోలిక లేదు. అయినను వారు ప్రతి మజిలీయందును ఊరు ఎట్టిది, బాట ఎట్టిది, దిగుటకు చోటున్నదా, కావలసిన పదార్థములు దొరకునా అని వ్రాసి యుంచిరి. వారు 1836లో కాలధర్మము నొందగా, 1838లో ఆ కాశీయాత్ర చరిత్ర అచ్చుపడెను. రంగుల చిత్రములు అందు లేవు. కాని వెనుక వచ్చు బాటసారికి మూట కట్టుటకు ఏ వ్రాత పనికివచ్చునని యడిగినచో, బియ్యము దొరకని ఊరిని దొరకదని వ్రాసిన వ్రాతయే పనికివచ్చును. పత్రిక ఆ ఒహాయో వృద్ధురాలికి కోరిక నిచ్చినది. అది చిన్న దానము కాదు. సన్నాహమును మాత్రము ఆమె వట్టి కాళ్లతో, ఒక ఓటమితో సంపాదించుకొనవలసి వచ్చినది.

1955 సెప్టెంబరు 25న ఆమె కటాడిన్ శిఖరమును చేరినది. 146 దినములు, సుమారు 2,050 మైళ్లు, అనగా దాదాపు 3,300 కిలోమీటర్లు. సగటున దినమునకు 14 మైళ్లు. ఆమడ 8 మైళ్లుగ లెక్కించినచో రెండామడలకు కొంచెము తక్కువ. వయస్సు 67. 1957లో మరల అదే బాటను నడచినది. 1959లో మిస్సోరీ రాష్ట్రపు ఇండిపెండెన్స్ పట్టణమునుండి పోర్ట్‌లాండ్ వరకు, పూర్వము బండ్లు పోయిన ఓరెగాన్ దారిని కాలినడకన పోయినది. అప్పలేచియన్ బాటను విడివిడి భాగములుగ మూడవసారి 1964లో ముగించినది. 1973లో, 85వ ఏట మరణించినది.

ఆ బాట దక్షిణపు మొదలు 1958లో ఓగిల్‌థోర్ప్ పర్వతమునుండి స్ప్రింగర్ పర్వతమునకు మారినది. నేడు బయలుదేరువారు ఆ కొండ క్రింద అమికలోలా జలపాతము వద్ద ఉంచిన త్రాసుకు తమ మూటలను తగిలించి తూచుకొందురు. తూచుకొనియు పలువురు మోయరాని బరువుతోనే నడక ప్రారంభింతురు. సుమారు 30 మైళ్లు పోయిన పిమ్మట నీల్ గ్యాప్ అను కనుమయందు బాటప్రక్కనే ఒక అంగడి కలదు. తొలి నడకవారు అచ్చట మూటలు విప్పి నేలపై పరచెదరు. అంగడివారు ఒక్కొక్క వస్తువును చూపి ఇది కావలెనా యని అడుగుదురు. అక్కరలేని గిన్నెలు, ఎక్కువైన బట్టలు, బరువైన గుడారములు పెట్టెలలో సర్ది, టపాలో ఇండ్లకు పంపించి, వారు తేలికపడిన సంచులతో ఉత్తరమునకు కదలుదురు.