కొట్టం కడిగే యంత్రం: ఒత్తిడి ఎంత, నీరు ఎంత?

(బాన్సువాడలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు పాలకవర్గాల వారు మమ్మల్ని తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉన్నది. కొట్టాలు, సేకరణ కేంద్రం కడగడానికి ప్రెషర్ వాషర్ కొనదలచాము, ఏది కొనమంటారు అని. దుకాణదారు ఇన్ని బార్లు అని ఒక అంకె చూపుతాడు. ఆ ఒక్క అంకె చూసి సంఘం సొమ్ము ఖర్చు చేయరాదని మా మనవి.

చూడవలసినవి రెండు. మొదటిది ఒత్తిడి. పది మీటర్ల ఎత్తున ఉన్న టాంకు నుంచి కింది నల్లాకు వచ్చే ఒత్తిడి సుమారు 1 బార్. యంత్రం దానిని 100 బార్లకు పెంచుతుంది. అంటుకున్న పెండను విడదీసేది ఇదే. రెండవది నిమిషానికి వచ్చే నీరు. విడిన పెండను మోరీలోకి తోసుకుపోయేది ఇది. ఒత్తిడి ఉండి నీరు చాలకపోతే పెండ గోడల మీద చిందుతుంది. నీరుండి ఒత్తిడి లేకపోతే ఎండిన పెండ కదలదు.

బార్లను, నిమిషానికి వచ్చే లీటర్లను గుణించి 600తో భాగించండి. నీటికి అందే శక్తి కిలోవాట్లలో వస్తుంది. 100 బార్లు, 6 లీటర్లు అయితే 1 కిలోవాట్. 150 బార్లు, 12 లీటర్లు అయితే 3 కిలోవాట్లు. మోటారు ఇంతకంటే పెద్దదే ఉండాలి. కనుక ఒకటిన్నర కిలోవాట్ల మోటారుతో 150 బార్లు, 12 లీటర్లు ఒకేసారి వస్తాయని చెబితే నమ్మకండి. గరిష్ఠ ఒత్తిడి కాదు, పనిచేసేటప్పటి ఒత్తిడి ఎంతో రాసి ఇమ్మనండి.

నాలుగైదు బర్రెలున్న ఇంటికి 100 బార్లు, 6 నుంచి 8 లీటర్ల యంత్రం చాలు. రోజూ గచ్చు కడిగే సంఘానికి ఒత్తిడి కంటే నీరు ఎక్కువ ఇచ్చేది మేలు. అయితే పెద్ద మోటారుకు త్రీఫేజు కరెంటు కావాలి.

1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆయకట్టు మనది. అయినా పొలానికి కాల్వ నీరు వచ్చినంత మాత్రాన కొట్టంలోని నల్లాకు ధార పెరగదు. నల్లా కింద 15 లీటర్ల బకెట్ పెట్టి గడియారం చూడండి. 90 సెకన్లకు నిండితే నిమిషానికి 10 లీటర్లు. యంత్రం అడిగే దానికంటే ఇది ఎక్కువ ఉండాలి. తక్కువైతే పంపు గాలి పీల్చి సీళ్ళు పాడవుతాయి. బోరు నీటిలో ఇసుక వస్తే వడపోత తప్పనిసరి.

కొన్ని జాగ్రత్తలు. ఈ ధారను పశువు మీద, మనిషి మీద పట్టరాదు. అది చర్మంలోకి దూసుకుపోగలదు. పాలు పిండే వేళ కొట్టం కడిగితే మురికి తుంపరలు పాలలో పడతాయి. పాల క్యానుకు ఈ యంత్రం చాలదు. ముందు చన్నీళ్ళు, తర్వాత సోడా కలిపిన వేడినీళ్ళతో బ్రష్షు, చివర మంచినీళ్ళు, ఆపైన బోర్లించి ఆరబెట్టడం. మోటారుకు ఎర్తింగు లేనిదే స్విచ్చి వేయకండి.

కొనేముందు మూడు కొటేషన్లు తెప్పించండి. యంత్రాన్ని మన కొట్టానికే తెప్పించి, ఎండిన పెండ మీద నడిపి చూడండి. ఆ తర్వాతనే పాలకవర్గ తీర్మానం రాయండి. పులిసిన పాలు తిరిగి వస్తే నష్టం సభ్యునిది. పనికిరాని యంత్రం మూలన పడితే నష్టం సభ్యులందరిది.

సెలవు.