సీనియర్ పార్ట్‌నరు ఛార్జి ఎవరికి అప్పగించాలి?



ఉర్దూ మీడియం పంతులుకు ఆడిట్ ఆఫీసుల గొడవ ఎందుకని మీరు అనవచ్చు. నేను ఉద్యోగంలో చేరిన రోజునే సర్వీసు రిజిస్టరులో నా పుట్టినతేదీ ఎక్కింది. రిటైరయ్యే తేదీ దానితోనే తేలిపోయింది. ఆ రోజు తాళాలు, రిజిస్టర్లు అప్పగించి, సంతకం పెట్టి ఇంటికి పోతాను. ఆడిటర్లు, వకీళ్లు భాగస్తులుగా నడుపుకునే ఆఫీసుల్లో పెద్దాయనకు ఆ తేదీ ఎవరూ రాసిపెట్టరు. ఆయనే రాసుకోవాలి.

మా ఖాలూగారు రాసుకోలేదు. ఇద్దరు భాగస్తుల ఆడిట్ ఆఫీసు ఆయనది. రిటర్నుల గడువు దగ్గరపడ్డ రోజుల్లో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఏ ఫైలు ఎక్కడుందో, ఎవరు ఎంత ఫీజు బాకీయో అంతా ఆయన తలలోనే ఉండిపోయింది. పార్టీలు ఇంటికే వచ్చి కాగితాలు అడిగేవారు. ఖాలా బీరువా తాళాలు పట్టుకుని ఏడ్చేది. కొడుకు ఇంజినీరు. దుకాణమైతే మర్నాడు తలుపు తీసి కూర్చునేవాడు. ఆడిటరు సంతకం వారసత్వంగా రాదు గదా! చిన్న భాగస్తుడు చెడ్డవాడు కాడు. కాని పెద్దాయన వాటాకు ఎంత ఇవ్వాలో డీడ్‌లో ఒక్క ముక్క లేదు. రెండిళ్ల మధ్య రాకపోకలు ఆగిపోయాయి.

అప్పుడే 1932 నాటి భాగస్వామ్య చట్టం తెరిచి చూశాను. వేరే ఒప్పందం లేకపోతే ఒక భాగస్తుడు చనిపోగానే సంస్థ రద్దవుతుంది. ఇద్దరే ఉన్నచోట ఒప్పందం ఉన్నా నిలవదు. ఒక్కడితో భాగస్వామ్యం ఏమిటి? లెక్క తేల్చకుండా మిగిలినవారు ఆఫీసు సాగిస్తే, వెళ్లినాయన తన వాటాకు వచ్చే లాభం గాని, ఏడాదికి 6 శాతం వడ్డీ గాని కోరవచ్చు. ఇంకొకటి చాలామందికి తెలియదు. రిటైరైనట్టు బహిరంగ ప్రకటన ఇవ్వకపోతే, తర్వాత ఆఫీసు చేసిన పనులకు కూడా బయటివారు ఆయన్ని పట్టుకోవచ్చు. రిజిస్టరైన సంస్థ అయితే రిజిస్ట్రారుకు తెలిపి, గెజిట్‌లోను, జిల్లాలో నడిచే దేశభాషా పత్రిక ఒకదానిలోను వేయించాలి. 2008 నాటి ఎల్.ఎల్.పి. చట్టం కింద నమోదైన సంస్థ మాత్రం భాగస్తులు మారినా నిలుస్తుంది.

అయితే పార్టీల నమ్మకాన్ని ఏ చట్టమూ చేతులు మార్చదు. నా లెక్కలో దానికి మూడు నాలుగేళ్లు కావాలి. పాత పార్టీ వచ్చినప్పుడు చిన్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవాలి. మొదట తను మాట్లాడాలి, తర్వాత అతన్ని మాట్లాడనివ్వాలి. చివరికి తను ఊరికే చాయ్ తాగుతూ కూర్చోవాలి. పెద్దలకు ఇదే కష్టం! పనితోపాటు లాభంలో వాటా కూడా ఏటా కొంత తగ్గించుకుంటే చిన్నవాడికి ఉత్సాహం ఉంటుంది. ఏ వయసులో దిగాలి, గుడ్‌విల్ ఎలా లెక్కకట్టాలి, ఎన్ని వాయిదాల్లో చెల్లించాలి అన్నవి ఆరోగ్యంగా ఉన్నప్పుడే డీడ్‌లో రాయాలి. నకలు ఒకటి ఇంటావిడ చేతిలో ఉండాలి.

ఖాలూగారి లెక్క తేలడానికి రెండేళ్లు పట్టింది. ఈలోగా సగం పార్టీలు వేరే ఆఫీసులకు పోయాయి. మాట కాస్త తిరిగొచ్చాక ఆయన ముందు అడిగింది ఎవరెవరు పోయారనే.