ప్రత్తికట్టెలో దాగిన అగ్ని

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



పూర్వులు అరణి మథించి అగ్నిని పుట్టించిరి. నిప్పు కొయ్యలో ముందే దాగియున్నదని వారి భావము. నేటి శాస్త్రజ్ఞులు చెప్పునదియు దానికి దూరము కాదు. ఆకు సూర్యరశ్మిని గ్రహించి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును నీటితో కలిపి, ఆ శక్తిని కట్టెలో నిలువచేయును. కట్టె మండునప్పుడు వెలువడునది ఆ నిలువయున్న యెండయే.

గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి చేలలో ఈ యెండ ప్రత్తికట్టెగను మిరపకట్టెగను ఏటేట రాసులు పడుచున్నది. కొంత పొయ్యిలోనికి పోవును. చాల భాగము చేలోనే బూడిదయగును. ఇందులకు రైతును నిందింపరాదు. కట్టెపై మిగిలిన కాయలలో గులాబిరంగు పురుగు దాగియుండి మరుసటి పంటను పట్టును. పీకించి మోయించుటకు కూలి కావలెను. అయినను ప్రత్తిని క్వింటాళ్లలో వ్రాసికొను గృహస్థుడు కాలిన కట్టెను ఏ పద్దునందును వ్రాయడు. లెక్కకెక్కని సొత్తు పోయినను తెలియదు.

పేడనుండి గ్యాసు వచ్చుచుండగా కట్టెనుండి ఏల రాదని కొందరు అడుగుదురు. గాలి చొరని తొట్టిలో సూక్ష్మజీవులు పేడను మీథేను వాయువుగా మార్చును. కట్టెలోనో, చక్కెర కణముల గొలుసులైన సెల్యులోజును లిగ్నిన్ అను పదార్థము కోటగోడవలె చుట్టియుండును. ఏ శిలీంధ్రము ఆ గోడను ఛేదించును? కట్టెను ఎంత మెత్తగ పొడిచేయవలెను? పెట్టిన శక్తికంటె వచ్చిన శక్తి ఎక్కువయా? జీవ ఇంధన పరిశోధనమనగా ఇదియే.

ఇట్టి పని నేర్చుటకు వేసవి సెలవులు తగిన కాలము. 1934లో సి.వి. రామన్ బెంగుళూరున స్థాపించిన సైన్సు అకాడమీ, మరి రెండు జాతీయ అకాడమీలతో కూడి, డిగ్రీ విద్యార్థులకు రెండు నెలల వేసవి పరిశోధన ఫెలోషిప్పులను ఇచ్చుచు వచ్చినది. విద్యార్థి తాను నేర్వగోరు విషయమును స్వయముగ వ్రాసి పంపవలెను. ఎన్నికైనచో శాస్త్రజ్ఞుని యొద్ద పనియు, భృతియు లభించును.

అచ్చట మొదటి పాఠము తూకము. పచ్చికట్టెను తూచి, ఎండించి మరల తూచి, కాల్చి బూడిదను తూచి, మూడుమారులు చేసి వ్రాయవలెను. తప్పిన ప్రయోగమును చెరిపివేయరాదు, అదియు లెక్కయే.

సమీపముననే, 1922లో నెలకొన్న లాం పరిశోధన క్షేత్రము ప్రత్తి మిరపలకు పేరుగాంచినది. బాపట్లలో 1945 నుండి వ్యవసాయ కళాశాల కలదు. 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా దివాకరపల్లెలో పచ్చిగడ్డినుండి గ్యాసు తీయు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. అట్టి చోట్ల కూలిపనికి మాత్రమే మన బిడ్డలు పోవుదురా, ప్రయోగశాలలోనికి పోవుదురా యనునది నేడే తేల్చుకొనవలసిన విషయము.

ఒక హెచ్చరిక. పంటశేషమంతయు ఇంధనమునకే పోరాదు. భూమి ఋణమును కొంత తీర్పవలెను. ఎంత తీర్పవలెనో అదియును తూచి తెలిసికొనవలసినదే.

కావున ఈ గ్రంథాలయము ప్రతి సంవత్సరము ప్రకటనలను గోడపై అతికించి, కొడుకైనను కూతురైనను ఒక్క విద్యార్థిచే దరఖాస్తు పెట్టించుగాక! నేర్చి వచ్చిన బిడ్డ ఈ వేదికపైననే ఆ లెక్క చదువుగాక! అంతవరకు ప్రతి రైతును ఒక్క పని చేయవచ్చును: నిప్పు పెట్టుటకు ముందు ఒక్క మోపు తూచి, పుస్తకమున వ్రాయుట.

స్వస్తి.