పరీక్ష తప్పిన పిల్లల బడి

(అధ్యక్ష మండల విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



పాత బోర్డింగు ఆవరణలో నడుస్తున్న బడిని ఈ శతాబ్ది సంవత్సరములో ఎలాగు బాగుచేయవచ్చునో ఆలోచించి చెప్పమని మమ్మును నియమించారు. మేము అనగా ఇద్దరు గురువులము, ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయిని, ఒక సంఘ కోశాధికారి. నాలుగు నెలలు తిరిగాము. బడికి వచ్చే పిల్లలతో మాటలాడాము, రావడము మానిన పిల్లల ఇండ్లలో కూర్చున్నాము. మాకు చేరిన సలహాలలో ఎక్కువ భాగము ప్రహరీ గోడ గురించి, రంగుల గురించి, శతాబ్ది పేరు చెక్కించిన స్వాగత ద్వారము గురించి. ద్వారము కట్టవద్దని మేము అనడము లేదు. ఆ ద్వారములోనుండి లోపలికి వచ్చేవారెవరో ముందు చెప్పుకొందామని మా మనవి.

వారు పదునాలుగు మొదలు పంతొమ్మిదేండ్ల వారు. పదవ తరగతి తప్పినవారు కొందరు, తొమ్మిదిలోనే మానినవారు కొందరు. రొయ్యల చెరువు మీద కాపలా ఉన్నవాడొకడు, తాపీ మేస్త్రి వెంట సిమెంటు మోసేవాడొకడు. తల్లిదండ్రులు మిరపకోతలకు వలస పోతే తమ్ముళ్లను చూచుకొంటూ బడికి దూరమైన ఆడపిల్ల ఉన్నది. ఒక తల్లి, కొడుకు ప్రక్కనే నిలబడియుండగా, “మావోడికి బుర్ర లేదయ్యగారూ, మీరే ఏదో ఒక దారి చూపండి” అన్నది. ఆ పిల్లవాడు చెరువుకు ఎన్ని బస్తాల మేత పడుతుందో, రాత్రి ఎంత డీజిలు కాలుతుందో నోటిలెక్కగా చెప్పాడు. అదే లెక్క కాగితము మీద వేయమంటే చేయి సాగలేదు. బుర్ర లేదన్న మాటను మాత్రము తల వంచుకొని విన్నాడు. చాలాసార్లు విని అలవాటుపడ్డట్టున్నాడు.

ఇటువంటివారు మన పల్లెలలో కొద్దిమందే అనుకోకండి. కరోనా వలన 2020, 2021 సంవత్సరములలో మన రాష్ట్రములో పదవ తరగతి పరీక్షలు జరుపకుండనే అందరినీ ఉత్తీర్ణులను చేశారు. 2022లో పరీక్ష పెట్టినప్పుడు ఆరు లక్షలకు పైగా రాయగా 67.26 శాతము మందే నెగ్గారు. సుమారు రెండు లక్షల మంది తప్పారు. ఆ జూను నెలలో మన ఆరాధనలలో నెగ్గినవారి తల్లిదండ్రులు కృతజ్ఞతార్పణలు తెచ్చారు, మనము వారి పేర్లు చదివాము. తప్పినవారి పేర్లు ఎవరు చదువుతారు? వారిలో కొందరు ఆ ఆదివారము గుడికే రాలేదు.

2009లో వచ్చిన విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు పిల్లల చదువును హక్కు చేసింది. ఎనిమిదవ తరగతి వరకు ఎవరినీ ఆపరాదని కూడ అన్నది. ఆ నిబంధనను 2019లో సడలించారు. చట్టము మంచిదే. కాని నేర్పకుండ పై తరగతికి పంపితే, నాలుగవ తరగతి వాచకము చదవలేని పిల్లవాడు తొమ్మిదిలో కూర్చొని భౌతికశాస్త్రము వింటాడు. అతనికి లెక్క తేలే సమయానికి వయస్సు పదునాలుగు దాటుతుంది, చట్టము చేయి కూడ అక్కడితో ఆగుతుంది. ఫలితాల శాతము కోసము అటువంటివారిని తొమ్మిదిలోనే సాగనంపే ఉన్నత పాఠశాలలు ఉన్నవి. వాటిలో సంఘముల చేతిలోనివి లేవని మేము చెప్పలేము.

ఈ పని మనకు క్రొత్తది కాదు. రాబర్టు నోబుల్ దొరగారు 1841లో బందరు చేరి 1843లో బడి తెరిచినప్పుడు ఆయన దృష్టి అగ్రవర్ణముల పిల్లల మీద ఉండెను. తరువాతి తరములో సువార్త మాలపల్లెలకు, మాదిగపల్లెలకు చేరినప్పుడు బడి కూడ పల్లెకు వచ్చింది. పగలు గొడ్లు కాచి వచ్చిన పిల్లలను ఉపదేశిగారు రాత్రి లాంతరు ముందు కూర్చోబెట్టారు. పిల్లవాడు ఖాళీగా ఉండే గడియలో బడి పెట్టడమే ఆ రాత్రి బడిలోని తెలివి. మన తాతలలో ఎందరో ఆ లాంతరు వెలుగులోనే అక్షరాలు దిద్దారు.

అంజూరపు చెట్టు ఉపమానము చెప్పేటప్పుడు తోటమాలి ఇంకొక సంవత్సరము గడువు అడిగాడని మాత్రమే సాధారణముగా ప్రసంగిస్తాము. అతడు గడువుతోపాటు పనిని కూడ ఒప్పుకొన్నాడు. చుట్టు త్రవ్వుతానన్నాడు, ఎరువు వేస్తానన్నాడు. పని లేని గడువు ఆ చెట్టుకు మరొక సంవత్సరపు అవమానమే గదా.

గడువు ప్రభుత్వము ఇచ్చింది. 1991లో ఏర్పడిన సార్వత్రిక విద్యాపీఠము ద్వారా, మనవారు ఓపెన్ స్కూలు అంటారే, దాని ద్వారా పదునాలుగేండ్లు నిండిన ఎవరైనను పదవ తరగతి పరీక్షకు కూర్చోవచ్చును. ఎంచుకొన్న అయిదు విషయములలో నెగ్గితే చాలును. ఒకసారి నెగ్గిన విషయమును మరల రాయనక్కరలేదు. అయిదేండ్ల వరకు నమోదు చెల్లుతుంది. త్రవ్వే పని మాత్రము మనది. అక్కడ రెండు అడ్డదారులున్నవి, ఆ రెండూ మూసివేయాలని మా కమిటీ ఏకగ్రీవముగా అనుకొన్నది.

మొదటిది చూచి రాయడము. ఓపెన్ పరీక్షలనగానే చీటీలన్న పేరు పడిపోయింది. ఒక పెద్దమనిషి మాతో, “సెంటరులో మాటలాడుకొంటే పోయేదానికి ఇంత ప్రయాస ఎందుకండీ?” అన్నారు. అలా వచ్చిన మార్కుల మెమోను బల్ల మీద పెట్టి స్తోత్రము చెల్లించడానికి మేము నిలబడలేము. అంతకంటె ముఖ్యమైన సంగతి, ఆ పిల్లవాడికి ఐటీఐ దరఖాస్తు చదవడము అప్పటికీ రాదు.

రెండవది లెక్కలు వదలివేయడము. గణితము లేకుండ వేరే విషయములు ఎంచుకొనే వీలు అక్కడ ఉన్నది. కొందరికి అది నిజముగా మేలు. కాని పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు పదవ తరగతిలో గణితము ఉండి తీరవలెను. ఆ మాట ఎవరూ చెప్పక, సులువని వదలిన పిల్లలు రెండేండ్ల తరువాత మూసిన తలుపు ముందు నిలబడుతున్నారు. డీజిలు లెక్క నోటితో చెప్పినవాడికి గణితము రాదని మనమెలా తీర్మానిస్తాము? విషయములు ఎంచుకొనే దినమున తల్లినిగాని తండ్రినిగాని పిలిచి, ఏ తలుపు తెరుచుకొంటుందో ఏది మూసుకొంటుందో విడమరచి చెప్పవలెను.

ఇక మా ప్రణాళిక. చేరిన పిల్లలకు మొదటి ఆరు వారములు పదవ తరగతి పుస్తకము చేతికి ఇవ్వవద్దు. ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి ఏ మెట్టు వరకు చదవగలడో చూచి, అక్కడనుండి ఎత్తుకోవలెను. పదిమందిలో చదివించి నవ్వులపాలు చేయకూడదు. బడి మానిన పెద్ద పిల్లలను చిన్నవారితో ఒకటవ తరగతిలో కూర్చోబెట్టకుండ, శిబిరములలో వేరుగా నేర్పి, వారి వయస్సుకు తగిన తరగతిలో చేర్చవచ్చునని రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ వారు 1990లలోనే చేసి చూపించారు. ఆ కృషికి ముందు నిలిచిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము వచ్చింది. వారు చేసినది మనమెందుకు చేయలేము?

దానికంటె ముందు కళ్లు. నల్లబల్ల కనబడక తప్పు రాసేవారు ఎందరున్నారో మనకు తెలియదు. మొద్దు అనే ముందు కళ్లద్దాలు పెట్టి చూడండి.

ఆదివారపు చిక్కు మీలో చాలమందికి తెలుసు. ఓపెన్ స్కూలు తరగతులు సాధారణముగా ఆదివారములలోను సెలవు దినములలోను జరుగుతాయి. ఆరాధన మానిపించి పాఠము చెప్పడమేమిటని కొందరు పెద్దలు బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే. విశ్రాంతిదినము ఎవరి కొరకు నియమింపబడినదో ప్రభువు పరిసయ్యులకు చెప్పిన సంగతి కూడ మనము మరువకూడదు. ఉదయము ఆరున్నరకు ఆ ఆవరణలోనే చిన్న ఆరాధన జరిపి, టిఫిను పెట్టి, తరగతికి పంపుదామని మా ప్రతిపాదన. గురువులము వంతులవారీగా వస్తాము. హిందూ, ముస్లిము పిల్లలు టిఫిను వేళకు వస్తే చాలును, ఆరాధనకు రావలెనన్న నిర్బంధము ఉండకూడదు.

కాగితముల పనికి ఒకరిని ప్రత్యేకముగా పెట్టవలెను. మన పిల్లలకు సంఘ రిజిస్టరులో ఒక పేరు, బడి రికార్డులో ఇంకొక పేరు, ఆధారులో మూడవ అక్షరక్రమము. ఎందువలననో ఈ సభకు వివరించనక్కరలేదు. హాలు టికెట్టు వచ్చిన వారములో ఆ తేడా బయటపడితే ఏడవడము తప్ప చేయగలిగినది ఏమీ లేదు. చేరిన నెలలోనే సరిచేయించాలి.

అన్నిటికంటె కష్టమైనది ఉపాధ్యాయుల సంగతి. బోధించేవారికి ఇచ్చే స్వల్ప గౌరవ వేతనము కూడ నెలనెలా అందడము లేదు. అది సేవ గదా అని మనము అంటున్నాము. ఇంటద్దె వసూలుకు వచ్చినవాడు ఆ మాట వినడు. ఈ పిల్లలను ఇంతకుముందే చాలమంది వదలి వెళ్లారు. ఏడాది మధ్యలో పంతులమ్మ మారితే ఆ వారములోనే ముగ్గురు నలుగురు మానుకొంటున్నారని హాజరుపట్టీలో మేము చూచాము. గనుక శతాబ్ది నిధిలో మొదటి భాగము మూడేండ్ల జీతములకు బ్యాంకులో వేయవలెను. తరువాత మరుగుదొడ్లు, ముఖ్యముగా ఆడపిల్లలవి. ఆ తరువాత మిగిలితే ద్వారము. కోశాధికారిగారు ఈ వరుసకు మొదట ఒప్పుకోలేదు. హాజరుపట్టీ చూచిన తరువాత తానే రాసి ఇచ్చారు.

ప్రతి నెల కౌన్సిలుకు పంపే నివేదికలో ఉత్తీర్ణత శాతముతోపాటు మరొక గడి పెట్టమని అడుగుతున్నాము. మూడు దినములు రాని పిల్లవాడి ఇంటికి ఎవరు వెళ్లారు, ఏ తేదీన వెళ్లారు అన్నది అందులో రాయవలెను. పాస్టరేటుకు ఇద్దరు చొప్పున ఈ పనికి పేర్లు ఇవ్వండి. విశ్రాంత ఉపాధ్యాయులు ముందుకు వస్తే మరీ సంతోషము.

కంటి పరీక్షకు వచ్చే నెల రెండవ శనివారము మిషను ఆసుపత్రివారు ఒప్పుకొన్నారు. పిల్లలను తీసుకొని వెళ్లడానికి రెండు ఆటోలు కావలెను. ఇవ్వగలవారు సభ ముగిసిన తరువాత కోశాధికారిగారికి చెప్పండి.