పిచ్చి పద్యాల పెద్దమనిషి – ఎడ్వర్డ్ లియర్
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శిగారు. బీపీ, షుగరు సంగతి డాక్టర్లు చూసుకుంటారు. నేను ఒక మనిషి గురించి చెబుతాను.

ఎడ్వర్డ్ లియర్ 1812లో లండన్ దగ్గర హాలోవేలో పుట్టాడు. పెద్ద సంసారం, తండ్రికి డబ్బు చిక్కులు. పెద్దక్క యాన్ తల్లిలా పెంచింది. పదహారో ఏడు రాకముందే బొమ్మలు గీసి పొట్టపోసుకోవలసి వచ్చింది. చిలుకలను బతికున్నవాటినే ఎదుట పెట్టుకుని చిత్రించి పేరు తెచ్చుకున్నాడు. 1846లో విక్టోరియా రాణికే చిత్రలేఖనం నేర్పాడు.

‘బుక్ ఆఫ్ నాన్సెన్స్’ అచ్చయిందీ ఆ ఏడే. డెర్బీ ప్రభువుగారింట్లో జంతువుల బొమ్మలు వేస్తూ, ఆ ఇంటి పిల్లలను నవ్వించడానికి అల్లిన పద్యాలవి. అర్థం వెతికితే దొరకదు. మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని అర్థంలేని మాటలతో పాట కట్టని తాత మనలో ఎవరున్నారు? ఆ తరహా పద్యాన్నే తర్వాత లిమరిక్ అన్నారు. మన శ్రీశ్రీ ‘లిమఋక్కులు’ అని పేరుపెట్టి తెలుగులో రాశారు.

ఇక అసలు సంగతి. లియర్‌కు చిన్నతనం నుంచీ మూర్ఛ. ఆ రోజుల్లో అది తలవంపుల జబ్బు. (పెళ్లి సంబంధాలప్పుడు మన ఇళ్లలో ఇప్పటికీ ఎంత దాస్తామో మీకు తెలియనిది కాదు.) వచ్చేముందు సూచన తెలిసేది, మెల్లగా లేచి గదిలోకి పోయేవాడు. డైరీలో చిన్న గుర్తు పెట్టుకునేవాడు, అంతే. ప్రాణస్నేహితులకూ చెప్పలేదు. ఒకామెను పెళ్లాడాలని మనసుపడి, అడగలేక ఊరుకున్నాడు. లోకాన్ని నవ్వించినవాడికి ఈ ఒక్క మాట చెప్పుకునే దిక్కు లేకపోవడం నాకు మింగుడుపడదు. ఈనాడు సరైన మందులు వాడితే పదిమందిలో ఏడుగురిదాకా మూర్ఛ రాకుండా ఉండగలరు. మీ ఇంట ఎవరికైనా ఉంటే దాచకండి, డాక్టరుకు చూపించండి.

అంత జబ్బుతోనూ, 61 ఏళ్ల వయసులో, 1873 నవంబరులో బొంబాయిలో దిగాడు. వైస్రాయి నార్త్‌బ్రూక్ ఆహ్వానం. డార్జిలింగులో కాంచనగంగ గీశాడు. మరుసటేడు మద్రాసు, మహాబలిపురం చూశాడు. వందలాది బొమ్మలు వేసుకుని 1875లో వెళ్లాడు.

చివరికి ఇటలీలో శాన్ రెమోలో ఇల్లు కట్టుకున్నాడు. ఎదురుగా ఓ పెద్ద హోటలు లేచి వెలుతురు పాడుచేసింది. ప్రావిడెంటు ఫండుతో ఇల్లు కట్టినవారికి ఆ బాధ తెలుస్తుంది! మరో ఇల్లు కట్టించాడు, అచ్చం పాత ప్లానులోనే. పిల్లి ఫాస్ తికమకపడకూడదనట. 1887లో ఫాస్ చనిపోతే ఆ తోటలోనే పూడ్చాడు. 1888 జనవరి 29న తానూ కన్నుమూశాడు.