ఒక ఊరు – పలు కలాలు
(ప్లాటినం జూబిలీ సందర్భంగా పాఠశాల గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)



లెక్కల పుస్తకం నడుమ అపరాధ పరిశోధక నవల బయటపడితే ఇంట్లో పెద్ద రభస జరగడం ఒకనాటి ఆనవాయితీ. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ను, ఆయన సహాయకుడు రాజును అద్దె పుస్తకాల దుకాణం పుణ్యమా అని దొంగచాటుగా కలుసుకొన్నవారు ఈ సభలోనే ఎందరో ఉంటారు. అటువంటి సాహిత్యం గురించి పాఠశాల వేదిక మీద ప్రసంగించడమేమిటని కొందరికి తోచవచ్చు. కాని ఆ సాహిత్యంలో ఒక విచిత్రమైన శాఖ ఉన్నది. ఒక చిన్న పట్టణాన్ని కల్పించుకొని, అనేకమంది రచయితలు ఆ పట్టణంలోనే కథలు నడపడం. డెబ్బై అయిదేళ్ళు నిండిన పాఠశాలకు ఆ శాఖ చరిత్రలో నేర్చుకోదగినది ఉన్నది.

మొదటి ఉదాహరణ ఇంగ్లండుకు చెందినది. అక్కడి అపరాధ పరిశోధక రచయితలు 1930లో డిటెక్షన్ క్లబ్ అనే సంఘంగా ఏర్పడ్డారు. జి.కె. చెస్టర్టన్ దానికి తొలి అధ్యక్షులు. పాఠకునికి అందవలసిన ఆధారాన్ని దాచిపెట్టరాదనేది ఆ సంఘ సభ్యులు చేసిన ప్రమాణాలలో ముఖ్యమైనది. ఆ సంఘానికి చెందిన 14 మంది కలిసి వ్రాసిన నవల ‘ది ఫ్లోటింగ్ అడ్మిరల్’ 1931లో వెలువడినది. విన్ అనే నది, దాని మీద విన్‌మౌత్ అనే చిన్న ఊరు, రెండూ కల్పితాలే. ఒక తెల్లవారుజామున నదిలో కొట్టుకొని వస్తున్న పడవను నెడ్డీ వేర్ అనే వృద్ధుడు చూస్తాడు. పడవ చర్చి గురువుగారిది. అందులో కత్తిపోటుకు గురైన నౌకాదళాధికారి శవం ఉంటుంది.

తొలి అధ్యాయం విట్‌చర్చ్ వ్రాశారు. ఆపైన అగాథా క్రిస్టీ, డొరొతీ సేయర్స్, రొనాల్డ్ నాక్స్ మొదలైనవారు తలా ఒక అధ్యాయం అందుకొన్నారు. తరువాతివారు ఏమి వ్రాస్తారో ముందువారికి తెలియదు. ముందువారు ఏమి ఊహించి వ్రాశారో తరువాతివారికి చెప్పరు. అయినా కథ చెదరిపోకుండా నిలిచినదంటే వారు పెట్టుకొన్న రెండు నియమాలే కారణం. ప్రతి రచయితా తన మనసులో ఒక నిశ్చితమైన పరిష్కారం ఉంచుకొనే వ్రాయాలి. ఊరికే చిక్కుముడులు వేసి పోరాదు. ఇది మొదటిది. తనకు ముందున్నవారు వదిలిన చిక్కులన్నింటినీ నిజాయితీగా స్వీకరించాలి; తనకు అడ్డమని దేనినీ తుడిచివేయరాదు. ఇది రెండవది.

ఈ నియమాల బరువు చివరివారికి బాగా తెలిసివచ్చినది. నాక్స్ తన అధ్యాయంలో అంతవరకు పోగుపడిన సందేహాలను లెక్కించి 39గా తేల్చారు. ముగింపు వ్రాయవలసి వచ్చిన ఆంథొనీ బర్క్‌లీ తన అధ్యాయానికి ‘చిందరవందరను సర్దడం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకొన్నారు. పుస్తకం చివర పలువురు రచయితలు తాము ఊహించిన పరిష్కారాలను విడివిడిగా ముద్రించారు. ఆధారాలు అవే, ఊరు అదే, ముగింపులు మాత్రం వేరు. ఒకే తరగతి గదిలో ఒకే పాఠం విన్న పిల్లలు వేర్వేరు దారులు తొక్కడం చూసిన ఉపాధ్యాయులకు ఇది ఆశ్చర్యం కలిగించదు.

విన్‌మౌత్‌లో ప్రతి అధ్యాయం మీదా వ్రాసినవారి పేరు ఉన్నది. రెండవ ఉదాహరణలో అది లేదు. అది అమెరికాకు చెందినది.

ఎడ్వర్డ్ స్ట్రాటెమేయర్ అనే ఆయన పిల్లల పుస్తకాలను కర్మాగార పద్ధతిలో తయారు చేయించేవారు. కథాసంగ్రహాన్ని కొద్ది పుటలలో వ్రాసి రచయితకు పంపేవారు. ఆ రచయిత దానిని పూర్తి నవలగా పెంచి ఇవ్వాలి. 1927లో మొదలైన హార్డీ బాయ్స్ నవలలకు బేపోర్ట్ అనే రేవు పట్టణం రంగస్థలం. 1930లో మొదలైన నాన్సీ డ్రూ నవలలకు రివర్ హైట్స్ అనే ఊరు రంగస్థలం. మొదటివాటి అట్ట మీద రచయితగా ఫ్రాంక్లిన్ డబ్ల్యు. డిక్సన్ పేరు, రెండవవాటి మీద కెరొలిన్ కీన్ పేరు ఉంటాయి. ఆ పేర్లు గల మనుష్యులు లేనే లేరు.

ఉన్నవారు వేరు. బేపోర్ట్ తొలి 16 నవలలు వ్రాసినవారు లెస్లీ మెక్‌ఫార్లేన్ అనే కెనడా పాత్రికేయుడు. రివర్ హైట్స్ తొలి 30 నవలలలో 23 వ్రాసినవారు మిల్డ్రెడ్ వర్ట్ బెన్సన్ అనే పాత్రికేయురాలు. ఆమెకు తొలినాళ్ళలో పుస్తకానికి ముట్టినది 125 డాలర్లు. తరువాత ఎన్ని లక్షల ప్రతులు అమ్ముడైనా అందులో ఆమెకు భాగం లేదు. తానే వ్రాశానని చెప్పుకోరాదని ఒప్పందం. ఆర్థిక మాంద్యంలో ఆ మొత్తం కూడా తగ్గించినప్పుడు ఆమె కొంతకాలం తప్పుకొన్నారు. ఆ నడుమ మూడు నవలలు వాల్టర్ కారిగ్ అనే మరొకరు వ్రాశారు. పాఠకులైన పిల్లలకు ఈ మార్పులేవీ తెలియవు. రివర్ హైట్స్ రివర్ హైట్స్ గానే ఉన్నది; నాన్సీ తండ్రి అదే న్యాయవాది, ఇల్లు చూసుకొనే హానా అదే హానా.

కలం మారినా ఊరు మారకపోవడం గొప్పే. కాని ఊరు ప్రాణంతో ఉండడానికి అది చాలదు. పంపిన సంగ్రహంలో లేని జీవం ఆ రచయితలు పోశారు. మెక్‌ఫార్లేన్ తన నవలలలో నోరూరించే విందులు పెట్టారు. నోరు పెద్దది, మనసు మెత్తనిది అయిన గెర్ట్రూడ్ మేనత్తను నిలబెట్టారు. బెన్సన్ తన నాన్సీకి ఎవరికీ జంకని ధైర్యం ఇచ్చారు. ఆనాటి బాలికల పుస్తకాలలో అది అరుదు. సంగ్రహం ఎవరిదైనా, పిల్లల మనసులో మిగిలినది ఇదే.

ఆ ఊళ్ళలో తప్పులూ ఉన్నాయి. నల్లజాతివారిని, వలస వచ్చినవారిని చులకన చేసే చిత్రణలు పాత నవలలలో కనబడతాయి. స్ట్రాటెమేయర్ మరణానంతరం సంస్థను నడిపిన కుమార్తె హారియెట్ ఆడమ్స్ ఆధ్వర్యంలో 1959 నుండి పాత పుస్తకాలను తిరగవ్రాయించారు. చాలా చులకన మాటలు తొలగిపోయినవి. అది చేయవలసిన పనే. అయితే అదే కత్తెరతో వర్ణనలూ హాస్యమూ కూడా కత్తిరింపుకు గురైనవి. పెద్దలు వ్రాసినదానిలో దోషాన్ని దిద్దడం, రుచిని పారవేయకపోవడం, రెండూ ఒకే చేతికి అబ్బడం కష్టమని ఈ చరిత్ర చెబుతున్నది.

మెక్‌ఫార్లేన్ 1976లో ఆత్మకథ ప్రచురించి తన పాత్రను తానే వెల్లడించారు. మరుసటి ఏడే మరణించారు. బెన్సన్ విషయం 1980లో న్యూయార్కు న్యాయస్థానంలో బయటపడినది. ప్రచురణకర్తల మధ్య వ్యాజ్యంలో ఆమె సాక్షిగా వచ్చారు. అంతవరకు లోకం దృష్టిలో కెరొలిన్ కీన్ అంటే హారియెట్ ఆడమ్స్ గారే. తొలి నవల వెలువడిన యాభై ఏళ్ళకు అసలు రచయిత్రి ఎవరో నలుగురికీ తెలిసినది. 1993లో ఆమె చదివిన అయోవా విశ్వవిద్యాలయం సభ జరిపి సత్కరించినది. అప్పటికి ఆమెకు ఎనభై దాటినవి. 2002లో 96వ ఏట కన్నుమూసేవరకు ఆమె పత్రికలో వ్రాస్తూనే ఉన్నారు. ఎన్నో రహస్యాలను విప్పిన నాన్సీకి, తనను సృష్టించినవారెవరన్న రహస్యం మాత్రం అంతకాలం చిక్కలేదు.

ఇక ఈ పాఠశాల మాట. ఇదీ ఒక ఊరే. దీనినీ అనేక కలాలు వ్రాసినవి. బయట వీధిలో ఒక భాష, ఇంట్లోనూ బడిలోనూ తెలుగు. ఈ పరిస్థితిలో అధ్యాయం వెంట అధ్యాయం డెబ్బై అయిదేళ్ళు నడిచినదంటే, వచ్చిన ప్రతి ఉపాధ్యాయుడూ ముందువారు వదిలిన చిక్కులను స్వీకరించినందువల్లనే. చాలని గదులు, ఆలస్యంగా వచ్చే పాఠ్యపుస్తకాలు, ఏటేటా ఎదురయ్యే ‘తెలుగు మాధ్యమం ఇంకా ఎందుకు’ అన్న ప్రశ్న, వీటిలో దేనినీ ఎవరూ తుడిచివేసి పోలేదు. ఆ చివరి ప్రశ్నకు తల్లిదండ్రుల పరిష్కారాలు వేర్వేరుగా ఉండవచ్చు. ప్రతి ఒక్కరూ మనసులో నిశ్చయమైన పరిష్కారం ఉంచుకొని మాట్లాడాలన్నదే విన్‌మౌత్ నియమం కోరేది.

అయితే ఈ బడి విన్‌మౌత్ వలె మిగలాలా, రివర్ హైట్స్ వలె మిగలాలా అన్నది నేటి సభ తేల్చవలసిన విషయం. సంచికలో ప్రధానోపాధ్యాయుల పేర్లు, కార్యవర్గ సభ్యుల పేర్లు వరుసగా ఉంటాయి. సెలవు మీద వెళ్ళినవారి స్థానంలో మూడు నెలలు పాఠం చెప్పి వెళ్ళిన యువతి పేరు అందులో ఉండదు. జీతం అందకపోయినా సంవత్సరం ముగిసేవరకు వచ్చిన పండితుని పేరు ఉండదు. గంట కొట్టినవారు, మంచినీళ్ళు మోసినవారు ఏ ఛాయాచిత్రంలోనూ ఉండరు. ఏ పిల్లవాని మనసులో ఏ పద్యం వారి గొంతుతో నిలిచినదో ఆ పిల్లవానికే తెలుసు.

కనుక పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. గ్రంథాలయంలో ఒక ఖాళీ నోటు పుస్తకం ఉంచబడినది. ఇంటికి వెళ్ళేముందు అందులో ఒక్క పేరు వ్రాయండి. వరుసలలో కనబడని పేరు వ్రాయండి. వారు ఏమి నేర్పారో ఒక్క వాక్యం చేర్చండి. యాభై ఏళ్ళ తరువాత న్యాయస్థానం మెట్లెక్కి చెప్పవలసిన అవసరం ఈ ఊరి రచయితలకు రాకూడదు.

శుభం.