గల్ఫ్ శాంతి, కోనసీమ గడప



అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో గల్ఫ్ సంపాదనపై నిలిచిన ఇళ్లు మనము ఎరిగినవే. అందుచేత పశ్చిమాసియా అణువివాదం మనకు దూరపు వార్త కాదు. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను తరలించవలసి వచ్చింది. 2025 జూన్‌లో ఇరాన్ అణుకేంద్రాలపై అమెరికా బాంబులు వేసిన మరునాడే ఖతర్‌లోని అమెరికా స్థావరంపై ఇరాన్ క్షిపణులు ప్రయోగించింది.

అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో ఇరాన్ ఉన్నది, ఇజ్రాయెల్ లేదు. 2005లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థలో మన ప్రభుత్వం ఇరాన్‌కు వ్యతిరేకంగా ఓటు వేసింది. తూకం అందరికీ ఒక్కటే కావాలి. పశ్చిమాసియా యావత్తూ అణ్వాయుధరహితం కావాలన్న 1974 నాటి ప్రతిపాదనకు మన దౌత్యం గట్టిగా నిలబడాలి. మన కార్మికుల తరలింపు ప్రణాళిక యుద్ధానికి ముందే సిద్ధంగా ఉండాలి. ఈ రెండూ మనము అడగవలసిన హక్కులు.